పెరట్లో గోల్ఫ్ సిమ్యులేటర్ గది: రేకులా, శ్లాబా? ఎత్తు ఎంత పెట్టాలి?

కోవూరు కోడలు:

అందరికీ నమస్కారం. మాది నెల్లూరు పక్కన కోవూరు. ఇంటి వెనక ఇరవై అంకణాల పెరడు ఉంది (మా వైపు అంకణమంటే 72 చదరపు అడుగులు). అందులో గోల్ఫ్ సిమ్యులేటర్ (ఎదురుగా ఉన్న తెర మీదకి నిజం బంతి కొడితే, అది ఎటు ఎంత దూరం పోయేదో మెషీన్ లెక్కగట్టి తెర మీద చూపించేది) కోసం విడిగా ఒక గది కట్టాలని నా కోరిక.

చెన్నైలో ఉద్యోగం చేసే రోజుల్లో గోల్ఫ్ నేర్చుకున్నా. ఇప్పుడు ఇంటి నుంచే పని. బంతి కొట్టాలంటే మళ్లీ చెన్నై పోవాలి, పోనూ రానూ 350 కిలోమీటర్లు. ఈ ఆట లేకుండా నాకు వారం గడవదు. పాపకి పదకొండేళ్లు, దానికీ నేనే నేర్పిస్తున్నా. అందుకే ఏదో సరదాకి వేసే షెడ్డులా కాకుండా, పాప పెద్దయ్యాక కూడా పనికొచ్చేలా కట్టాలి.

మేస్త్రి 12×18 గది, తొమ్మిదడుగుల గోడ, పైన రేకులు అంటున్నాడు. మామయ్యకి కూడా రేకులే ఇష్టం, ఖర్చు తక్కువని. నా భయాలు ఇవి. రోహిణి కార్తెలో రేకుల కింద నిలబడగలమా? 2021 నవంబరులో పెన్నా పొంగినప్పుడు పడుగుపాడు దగ్గర రైలు పట్టాలే కొట్టుకుపోయాయి, మా పెరట్లో మోకాలి లోతు నీళ్లు నిలిచాయి. మళ్లీ అంత నీళ్లొస్తే లోపలి సామాను గతేంటి? నేల నల్లరేగడి. పడమటి వైపు పెద్ద వేపచెట్టుంది, దాన్ని కొట్టేది లేదని అత్తయ్య ముందే చెప్పేశారు, నాకూ ఇష్టం లేదు.

ఇంకో సంగతి. నాది ఎడమచేతి వాటం. మా ఆయన, పాప కుడిచేత్తో ఆడతారు. మెషీన్ ఇప్పుడే కొనను, గది సరిగ్గా వచ్చాకే. కొలతలు, పైకప్పు గురించి తెలిసినవాళ్లు చెప్పండి.

సింగరాయకొండ మామిడితోట:

అక్కా, మాది సింగరాయకొండ దగ్గర. తోటలో ఇలాంటి గదే కట్టుకుని ఆడుతున్నా. మెషీన్ కన్నా ముందు గది గురించి ఆలోచించడం చాలా మంచి పని. మెషీన్ రేపు మార్చుకోవచ్చు, గోడలు జరపలేం.

తొమ్మిదడుగులకి ఒప్పుకోవద్దు. ఆరుబయట మీ ఇంట్లో అందరికన్నా పొడుగు మనిషికి డ్రైవర్ (క్లబ్బుల్లో, అంటే గోల్ఫ్ కర్రల్లో, అన్నిటికన్నా పొడుగైనది) ఇచ్చి మెల్లగా స్వింగ్ తిప్పమనండి. పక్కన ఇంకొకరు పొడుగాటి వెదురు బొంగు నిలబెట్టి క్లబ్బు తల ఎంత పైకి పోయిందో గుర్తు పెట్టాలి. దాని మీద కనీసం ఒక అడుగు ఖాళీ ఉండాలి. తల మీద కప్పు ఉందన్న అనుమానం మనసులో ఉంటే చేతులు వాటంతట అవే స్వింగ్ కుదించేస్తాయి, అది ఆటకి పట్టే చెడ్డ అలవాటు. పాప ఇంకా ఎదుగుతుంది. కాబట్టి పదడుగులకి తగ్గొద్దు, పదిన్నర ఉంటే హాయి. ఈ పదిన్నర కూడా మీరు నిలబడి కొట్టే మ్యాట్ పైభాగం నుంచి కొలవాలి, నేల నుంచి కాదు. మ్యాటూ దాని కింద పలకా కలిపి రెండంగుళాలు తినేస్తాయి. సీలింగ్ ఫ్యాను వద్దే వద్దు.

వెడల్పు సంగతికొస్తే, అందరూ కుడిచేతి వాటమైతే బంతిని గది మధ్యలో కాకుండా కొంచెం కుడివైపు జరిపి పన్నెండడుగుల్లో కూడా సర్దుకోవచ్చు. మీకు కుదరదు. మీరు బంతికి ఒక పక్క, మీ ఆయన రెండో పక్క నిలబడతారు, ఇద్దరికీ వీపు వెనక క్లబ్బు తిరగాలి. బంతి నడిమధ్యలో ఉండాలి, రెండువైపులా ఎనిమిదేసి అడుగులు, మొత్తం పదహారు.

పొడవు లెక్క ఇలా వేసుకోండి. తెర వెనక గోడకి కనీసం ఒక అడుగు ఖాళీ. తెర బిగుతుగా ఉండి గోడకి ఆనుకుని ఉంటే బంతి గట్టిగా వెనక్కి ఎగురుతుంది. తెర నుంచి బంతికి పది, పదకొండు అడుగులు. బంతి వెనక ఎనిమిది. మేస్త్రి చెప్పిన 18 చాలదు. పైవన్నీ కలిపితేనే ఇరవై, కొంచెం వెసులుబాటుకి 22 పెట్టండి.

ఆ వెనక ఎనిమిది అడుగులు ఎందుకంటే, మెవో ప్లస్ లాంటి రాడార్ మెషీన్లు బంతి వెనక ఏడెనిమిది అడుగుల దూరంలో ఉండి బంతి గాల్లో పోయే దారిని చూస్తాయి. స్కైట్రాక్ లాంటి కెమెరా మెషీన్లు బంతి పక్కనే నేల మీద కూర్చుంటాయి, చోటు తక్కువ చాలు. కానీ మీ తర్వాత మీ ఆయన ఆడాలంటే ప్రతిసారీ దాన్ని అటు నుంచి ఇటు మార్చాలి. మీ ఇంటికి సరైనది కప్పుకి బిగించే కెమెరా రకం. ఎవరు ఏ వైపు నిలబడ్డా దాన్ని కదిలించే పని లేదు. ఖరీదు ఎక్కువే. అయినా రేపెప్పుడైనా కొనేలా కప్పులో చోటు, వైరు ఇప్పుడే ఉంచుకోండి.

పక్క గోడలకి, పైకప్పుకి తెర దగ్గర వలలు గానీ మందపాటి ఫోమ్ గానీ ఉండాలి. మామూలు ఆటగాడి డ్రైవర్ దెబ్బకే బంతి గంటకి 200 కిలోమీటర్లు దాటుతుంది, తప్పుగా తగిలితే ఎటుపోతుందో చెప్పలేం. తెర ఫ్రేముకి గాల్వనైజ్డ్ పైపే వాడండి. మాది సముద్రం దగ్గర, మామూలు ఇనుము ఇక్కడ నిలవదు.

ఒంగోలు సివిల్:

అమ్మా, పైన తమ్ముడు చెప్పిన 16×22 లోపలి కొలతే ఖాయం చేసుకోండి. లెక్కకి అయిదు అంకణాలు, గోడలతో కలిపి ఇంకొంచెం. ఇరవైలో అది పెద్ద భారం కాదు.

నల్లరేగడి వానకి ఉబ్బుతుంది, ఎండకి కుంచించుకుని నెర్రెలిస్తుంది. దాని మీద నేరుగా గోడ లేపితే రెండేళ్లలో పగుళ్లు చూస్తారు. మీ గదిలో పగులు కన్నా పెద్ద ఇబ్బంది నేల వాలడం, ఎందుకంటే మ్యాట్ మట్టంగా లేకపోతే కొలతలన్నీ తేడా వస్తాయి. స్తంభాలు లేపి, పునాది గట్టి నేల తగిలే దాకా దించి, ప్లింత్ బీముతో (నేల మట్టం దగ్గర చుట్టూ వేసే కాంక్రీటు దూలం) అన్నిటినీ కట్టేయాలి. రేగడి మరీ లోతుగా ఉంటే అండర్ రీమ్డ్ పైల్స్ (అడుగున ఉబ్బెత్తుగా ఉండే లోతైన కాంక్రీటు స్తంభాలు) వేస్తారు, అది నేల తవ్వి చూశాక తేల్చాలి. లోపల రేగడి తీసేసి గ్రావెల్‌తో నింపి, నీళ్లు పట్టి దిమ్మిస కొట్టించండి. ఈ పని దగ్గర మేస్త్రిని తొందరపెట్టొద్దు.

2021 నీళ్లు ఎంత ఎత్తు వచ్చాయో ఇంటి గోడ మీద గుర్తు ఉండే ఉంటుంది. దానికన్నా అడుగున్నర పైన లోపలి నేల రావాలి. బయట మెట్లు నాలుగైదు పడతాయి, చీమకుర్తి గ్రానైటు ముక్కలు చవకగా దొరుకుతాయి, మెట్లకి అవి బాగుంటాయి. నేల ఎత్తు పెంచినంతా గోడ ఎత్తూ పెరగాలి, మేస్త్రి లోపలి ఎత్తులోంచి తగ్గించకుండా చూసుకోండి.

ఇక రేకులు. నెల్లూరు తుపాను తీరం. డిజైన్‌కి తీసుకునే గాలి వేగం సెకనుకు 50 మీటర్లు, అంటే గంటకి 180 కిలోమీటర్లు. రేకులు వేయకూడదని కాదు, వేస్తే ఆ గాలికి తగ్గ ట్రస్సులు, బోల్టులు పడాలి, ఎండకి పఫ్ ప్యానెల్ (మధ్యలో ఫోమ్ నింపిన రేకు) కావాలి, వాన చప్పుడు సరేసరి. ఇవన్నీ కలిపితే మామయ్యగారు అనుకునే పొదుపు ఏమంత మిగలదు. ప్రొజెక్టరు, కెమెరా కప్పుకి వేలాడతాయి కదా, గాలికి కప్పు వణికితే బొమ్మా వణుకుతుంది. ఆయనకి ఈ మాట చెప్పండి. నా ఓటు శ్లాబుకే, పైన తెల్ల కూల్ టైల్స్ పరిపించండి.

వేపచెట్టు ఉండనీయండి. పడమటెండకి అంతకన్నా మంచి అడ్డు లేదు. గదిని దానికి పదిహేను అడుగులైనా దూరం జరపండి. పంచాయతీలో ప్లాన్ సంగతి, ప్రహరీకి వదలాల్సిన ఖాళీ సంగతి పునాది తీయకముందే అడగండి.

కావలి వైరింగ్:

మేడమ్, శ్లాబు పోసే ముందే కప్పులో పైపులు వేయించండి, తర్వాత పగలగొట్టడం పాపం. ప్రొజెక్టరు చోటు ఇట్టా లెక్కేసుకోండి: బొమ్మ వెడల్పు 12 అడుగులు, త్రో రేషియో (తెరకి లెన్సు దూరాన్ని బొమ్మ వెడల్పుతో భాగిస్తే వచ్చేది) 0.8 అయితే లెన్సు తెరకి 9.6 అడుగుల దూరంలో ఉండాలి. అదే 0.5 అయితే 6 అడుగులు చాలు. ఏది కొంటారో తెలీదు గదా, రెండు చోట్లా బాక్సు ఉంచండి. 9.6 దగ్గరైతే దాదాపు మీ తల మీదకి వస్తది, క్లబ్బు తగలకుండా చూసుకోవాలి. ఏసీలు మీ వెనక గోడకి, తెర వైపు వద్దు. ఆ కొలత గదికి ఒకటిన్నర టన్నువి రెండు పడతాయి. వాటికి వేరే లైను, వేరే ఎంసీబీ. కంప్యూటరుకి, ప్రొజెక్టరుకి యూపీఎస్, ఎర్తింగు కొత్తగా వేయించండి. ఎగ్జాస్టు ఫ్యానొకటి పెట్టండి, నవంబరు ముసురులో మూసిన గదిలో మ్యాట్ బూజు పడతది.

కోవూరు కోడలు:

ముగ్గురికీ చాలా థ్యాంక్స్. నిన్న పెరట్లో వెదురు బొంగు పెట్టి చూశాం. మా ఆయనకి డ్రైవర్ తల తొమ్మిదడుగుల మీద రెండంగుళాలు పోయింది. మామయ్య పక్కనే ఉండి కళ్లారా చూశారు, తొమ్మిదడుగుల మాట ఇక ఎత్తలేదు. ప్రొజెక్టరు వణుకుతుందని చెప్పాక శ్లాబుకి కూడా ఊఁ అన్నారు. 16×22, లోపలి ఎత్తు పదిన్నర అని మేస్త్రికి చెప్పేశాం.

కిటికీలు తెర వైపు సగంలో పెట్టడం లేదు, తలుపు ఆడేవాళ్ల వెనక, తూర్పుకి వస్తుంది. అత్తయ్యకి వాస్తు కుదిరింది, నాకు తెర మీద ఎండ పడకుండా కుదిరింది.

మిగిలింది ఒక్కటే. 22 అడుగుల మధ్యలో బీము వస్తుందని, అది అడుగు కిందికి దిగుతుందని మేస్త్రి అంటున్నాడు. లెక్క వేస్తే అది సరిగ్గా మేం నిలబడే చోటికే వస్తోంది. ఏం చేయాలి?

ఒంగోలు సివిల్:

ఆ బీము ఒప్పుకోవద్దమ్మా. పదిన్నరలో అడుగు పోతే తొమ్మిదిన్నరే మిగులుతుంది, మీ ఆయనకి నాలుగంగుళాల ఖాళీయే ఉంటుంది. 16×22 గదికి నాలుగు వైపులా గోడల మీద బీములిచ్చి, రెండు దిక్కులా ఇనుము కట్టి, ఆరు ఏడు అంగుళాల శ్లాబు పోస్తే మధ్యలో బీము లేకుండానే నిలుస్తుంది. ఇనుము ఎంత, ఎంత దగ్గరగా అన్నది మేస్త్రి అంచనా మీద వదలకుండా ఇంజనీరుతో డ్రాయింగ్ గీయించండి. ఒకవేళ ఆయన మధ్యలో బీము కావాల్సిందే అంటే, శ్లాబు పైకి లేచేలా ఇన్వర్టెడ్ బీము వేయమనండి, కింద కప్పు చదునుగా ఉంటుంది. అప్పుడు పైన వాననీళ్లు బీముకి రెండువైపులా ఆగిపోతాయి, కాబట్టి ప్రతి వైపుకీ విడిగా వాలు, విడిగా గొట్టం ఉండాలి. సెంట్రింగు కొట్టాక, ఇనుము పరిచే ముందు మీరే టేపు పట్టుకుని లోపలి ఎత్తు నాలుగు మూలలా, మధ్యలో కొలవండి. మ్యాట్ రెండంగుళాలు, ఫ్లోరింగ్ మందం తీసేసి చూడండి. పదిన్నర రాకపోతే కాంక్రీటు పోయనీయొద్దు.