రంగు లేని నింజా తాబేలు: నిజంగా ఫస్ట్ షాటేనా?

పర్లాకిమిడి_పెట్టె
ప్లేమేట్స్ అనే బొమ్మల కంపెనీ 1988లో తెచ్చిన నింజా తాబేలు లియొనార్డో (నీలి ముసుగువాడు) బొమ్మ ఒకటి అమ్మకానికి వచ్చింది. ఒళ్లంతా ఆకుపచ్చే. ముసుగుకీ, ఛాతీకీ, మోకాలి పట్టీలకీ రంగు లేదు, కాపీరైట్ అక్షరాలూ లేవు. అమ్మేవారు ఫస్ట్ షాట్ అంటున్నారు. డబ్బు పంపేముందు ఏం అడగాలి? కొంటే మన ఉక్కలో ఎలా దాచాలి?

గుణుపురం_అచ్చు
ముందు ఏ దశ బొమ్మో తేల్చుకోండి. చెక్కిన మూలబొమ్మకి సిలికాన్ అచ్చు తీసి యురిథేన్ రెజిన్ పోస్తే హార్డ్‌కాపీ. దానికి చేత్తో రంగులేస్తే పెయింట్ మాస్టర్. ఉక్కు అచ్చు తయారయ్యాక మెషిన్లోంచి మొదట దిగేవి ఫస్ట్ షాట్లు. అచ్చు మూలమూలకీ ప్లాస్టిక్ చేరుతోందా లేదా చూడ్డమే అప్పటి పని కాబట్టి చేతికందిన ప్లాస్టిక్ వాడేస్తారు. చెయ్యి ఓ రంగు, కాలు ఓ రంగు వచ్చేది అందుకే.

మీది ఒళ్లంతా ఒకే పచ్చగా ఉండటమే నాకు నచ్చలేదు. మార్కెట్‌లోకి వచ్చిన లియొనార్డో పచ్చదనమే దీనికీ ఉంటే, మామూలు బొమ్మకి అసిటోన్‌తో రంగు తుడిచేశారేమోనని మొదట అనుమానించాలి. చంక లోపల, మోకాలి పట్టీ అంచు, కంటి గాడి, ఈ మూడు చోట్లా దగ్గరి ఫొటోలు అడగండి. ఎంత తోమినా రంగు అక్కడ దాక్కుంటుంది. అసిటోన్ తగిలిన చోట నునుపు పోయి పాలిపోయినట్టు ఉంటుంది. కాపీరైట్ అక్షరాలు ఉండాల్సిన చోట పక్కనుంచి టార్చ్ వేసి తీయమనండి, వాటిని గీకేసి ఉంటే ఉప్పుకాగితం గీతలు బయటపడతాయి.

తల మెత్తగా ఉందని చెబితే పడిపోకండి. మొదటి విడత తాబేళ్లకి షాపుల్లోనే మెత్త తలలు వచ్చాయి.

బరంపురం_కాలిపర్
అమ్మేవారు ఇది హార్డ్‌కాపీ అని మాట మారిస్తే కొలత అడగండి. ప్లాస్టిక్ చల్లారాక కుదించుకుపోతుంది (ఏబీఎస్ అనే గట్టి ప్లాస్టిక్ అయితే 0.4 నుంచి 0.7 శాతం). ఆ తరుగు లెక్కేసుకుని మూలబొమ్మని కాస్త పెద్దదిగా చేస్తారు. అందుకే అసలు హార్డ్‌కాపీ షాపు బొమ్మకంటే ఓ పిసరు పెద్దది. షాపు బొమ్మకే సిలికాన్ అచ్చు తీసి రెజిన్ పోసిన నకిలీ అయితే ఓ పిసరు చిన్నది. డిజిటల్ కాలిపర్ (వెడల్పు, మందం కచ్చితంగా కొలిచే పనిముట్టు) పెట్టి ఛాతీ వెడల్పు, కాలి పొడవు చూడాలి. గట్టి భాగాలే కొలవండి, మెత్త తల నమ్మడానికి లేదు. గ్రాఫ్ కాగితం మీద తీసిన ఫొటో పనికిరాదు, లెన్స్ మోసం చేస్తుంది.

రెజిన్ అయితే సూదిమొనంత గాలి బుడగలు కనిపిస్తాయి. మెషిన్ బొమ్మకి కనబడని వైపు గుండ్రటి పిన్ మచ్చలు, ప్లాస్టిక్ లోపలికి వచ్చిన చోట తుంచిన మొటిమ ఉంటాయి.

ఇంకో మాట. మన దేశపు ఫన్‌స్కూల్ కంపెనీ చేసిన జీ.ఐ.జో సైనికుల బొమ్మలు వింత రంగుల్లో కనిపిస్తే టెస్ట్ షాట్ (అచ్చు పరీక్ష కోసం తీసిన బొమ్మ) అంటూ అంటగడుతున్నారు. అవి అమెరికా కంపెనీ హాస్బ్రో అచ్చుల్లోంచి వచ్చి మన దేశంలో మామూలుగా అమ్ముడైన బొమ్మలు. రంగు వేరైనంత మాత్రాన ప్రోటోటైప్ (అమ్మకానికి ముందు చేసే నమూనా) అయిపోదు.

రాయగడ_గాజుబీరువా
దాచడం గురించి. కలరా ఉండలు మాత్రం వద్దు, ఆ ఆవిరికి కొన్ని ప్లాస్టిక్కులు మెత్తబడతాయి. పీవీసీ కవర్లూ వద్దు, పాలీప్రొపిలీన్ డబ్బా చాలు. మెత్త పీవీసీని గట్టి ప్లాస్టిక్‌కి ఆనించి పెడితే అందులోని నూనె దిగి గట్టిదాన్ని తినేస్తుంది. మధ్యలో పాలిథీన్ ముక్క వేయండి. సిలికా జెల్ పొట్లం వేసి, హైగ్రోమీటర్ (గాలిలో తేమ కొలిచేది) 50 శాతం దగ్గర ఉండేలా చూసుకోండి. రేకుల కింద, అటక మీద పెట్టొద్దు. రెజిన్ అయితే ఎండ తగిలి పసుపెక్కుతుంది, వేడికి సన్నటి చేతులు ఒంగిపోతాయి. ఏప్రిల్, మే నెలల్లో కొరియర్ వేయించొద్దు.

పర్లాకిమిడి_పెట్టె
ఫొటోలు వచ్చాయి. ఎడమ మోకాలి పట్టీ కింద వెంట్రుకంత నీలి గీత ఉంది. తల మీద మెరుపు లేదు.

గుణుపురం_అచ్చు
తుడిచేసిన బొమ్మే అది. కావాలంటే మామూలు విడి బొమ్మ ధరకంటే తక్కువకి అడగండి. అసిటోన్ తాగిన తల రేపోమాపో జిగురెక్కొచ్చు.