నాన్న లాప్‌టాప్‌లో పేపర్ తెరిస్తే వీడియోలు, వైరస్ వార్నింగులు... ఈ ప్లగిన్లు ఎక్కడ ఆపాలి?

తెనాలి_చిన్నోడు

అందరికీ నమస్తే. మా నాన్న రిటైర్డ్ టీచర్, తెనాలి పక్కన ఊర్లో ఉంటారు, నేను హైదరాబాద్‌లో. పొద్దున్నే కాఫీ తాగుతూ లాప్‌టాప్‌లో పేపర్లు చదువుకోవడం ఆయనకి అలవాటు, క్రోమ్ ఒక్కటే వాడతారు. ఈ మధ్య ఏ వార్త తెరిచినా మూలన ఒక వీడియో పెట్టె దానంతటదే మొదలైపోతోంది, పేజీ కిందికి జరిపితే అదీ వెంట వస్తోంది, మూసేద్దామంటే ఆ ఇంటూ గుర్తు ఆవగింజంత ఉండి ఆయన కంటికి ఆనట్లేదు. నెట్ ఫోన్ హాట్‌స్పాట్ నుంచే, రోజుకి 1.5 జీబీ, పదకొండయ్యేసరికి అయిపోయిందిరా అని ఫోన్ చేస్తున్నారు.

దీనికన్నా భయపెట్టింది మొన్న జరిగింది. స్క్రీన్ మీద కుడివైపు కింద మీ కంప్యూటర్‌లో వైరస్‌లు ఉన్నాయి అని వచ్చిందంట, నొక్కితే ఏదో ఫోన్ నంబర్ ఉన్న పేజీ వచ్చింది, ఆయన నంబర్ కాగితం మీద రాసుకున్నారు కూడా, చేసే ముందు వాడికో మాట చెబుదాం అని నాకు ఫోన్ చేశారు కాబట్టి సరిపోయింది. అప్పట్నుంచి నాకు మనసు మనసులో లేదు.

వీడియోలు ఆడించడానికి ఫ్లాష్ అనే ప్రోగ్రాం వాడే రోజుల్లో క్రోమ్‌లో ప్లగిన్ల (బ్రౌజర్‌కి బయటినుంచి తగిలించే ఇలాంటి ప్రోగ్రాంల) పేజీ ఒకటుండేది, నొక్కితేనే ఆడాలి అని పెట్టేసుకుంటే వీడియో ఉన్నచోట బూడిద రంగు పెట్టె కనపడేది, హాయిగా ఉండేది. ఇప్పుడు ఆ పేజీ కోసం ఎంత వెతికినా దొరకట్లేదు. శనివారం ఊరెళ్తున్నా, ఏమేం ఆపాలో ఎవరైనా వరసగా చెప్పండి ప్లీజ్.

గోదారిగట్టు

ఆ పేజీ దొరకదు బ్రో, 2017లో క్రోమ్ 57తోనే తీసేశారు. అసలు మీరు చెప్పే వాటిలో ఏదీ ప్లగిన్ కాదు. వీడియో ఆడించడం ఇప్పుడు బ్రౌజర్ సొంత పని, ఆ వైరస్ వార్నింగ్ ఏమో సైట్ పంపే నోటిఫికేషన్. రెండూ వేరు వేరు కుళాయిలు, ఒకటి కట్టేస్తే రెండోది ఆగదు.

ముందు నోటిఫికేషన్ సంగతి చూడండి, ప్రమాదం అక్కడుంది. మీ నాన్నగారు ఎప్పుడో ఏదో పేజీలో అలౌ నొక్కి ఉంటారు, కొన్ని సైట్లు వీడియో చూడాలంటే అలౌ నొక్కండి, మీరు రోబో కాదని అలౌ నొక్కండి అని మోసం చేసి నొక్కిస్తాయి. ఇక అప్పట్నుంచి ఆ సైట్ తెరవకపోయినా దాని కార్డులు విండోస్ మూలన వస్తూనే ఉంటాయి, అందుకే అవి కంప్యూటరే చెబుతున్నట్టు అనిపిస్తాయి. కార్డుని జాగ్రత్తగా చూస్తే గూగుల్ క్రోమ్ అనీ, చిన్న అక్షరాల్లో సైట్ పేరూ ఉంటాయి, అది నాన్నగారికి ఒకసారి వేలు పెట్టి చూపించండి.

క్రోమ్ సెట్టింగ్స్‌లో ప్రైవసీ అండ్ సెక్యూరిటీ, అందులో సైట్ సెట్టింగ్స్, అందులో నోటిఫికేషన్స్. సైట్లు నోటిఫికేషన్ పంపకూడదు అనేదానికి మార్చండి. చాలామంది ఇక్కడితో ఆపేస్తారు, అది తప్పు. అదే పేజీలో కిందికి వెళ్తే ఇదివరకే అలౌ చేసిన సైట్ల లిస్ట్ ఉంటుంది, దాంట్లో ఉన్నవి ఒక్కొక్కటే తీసెయ్యాలి, లేకపోతే అవి పంపుతూనే ఉంటాయి. మా అత్తగారి కంప్యూటర్‌లో ఇలాంటివి ఇరవై పైన తీశాను.

ఎక్స్‌టెన్షన్లు, అంటే క్రోమ్‌కి అదనంగా తగిలించుకునే చిన్న ప్రోగ్రాంలు, అవి కూడా చూడండి, మీరు పెట్టనిది ఏదున్నా రిమూవ్. రిమూవ్ బటనే లేకుండా, మెనూ కింద మీ సంస్థ నిర్వహిస్తోంది అని కనపడితే అది ఏదో ప్రోగ్రాం బలవంతంగా దూర్చింది, ఇంటి కంప్యూటర్‌కి సంస్థ ఎక్కడిది, అప్పుడు ఇక్కడ మళ్లీ అడగండి.

ఎప్పుడైనా ఆ నంబర్‌కి ఫోన్ చేసి డబ్బు పోతే మాత్రం ఆలస్యం చెయ్యకుండా 1930కి చెయ్యమనండి, సైబర్ మోసాలకి జాతీయ హెల్ప్‌లైన్ అది. ఆ నంబర్ పెద్ద అక్షరాలతో రాసి లాప్‌టాప్ మీద అంటించండి.

బెజవాడ_సుధ

వీడియోల సంగతి నేను చెప్తానండి, మా ఇంట్లో కూడా ఇదే డేటా గొడవ. క్రోమ్‌లో ఆటోప్లే, అంటే వీడియో దానంతటదే మొదలవడం, పూర్తిగా ఆపే స్విచ్ లేదు. 2018లో క్రోమ్ 66 నుంచి సౌండ్‌తో ఆడేవాటిని కొంత ఆపుతోంది, మ్యూట్‌లో ఉన్న వీడియోని మాత్రం ఆడనిస్తుంది, సైట్లవాళ్లు అందుకే మ్యూట్‌లో మొదలుపెడతారు. చెవికి హాయి, కానీ డేటా కారిపోతూనే ఉంటుంది కదండీ.

ఫైర్‌ఫాక్స్ అనే ఇంకో బ్రౌజర్‌లో ఆపొచ్చు. సెట్టింగ్స్‌లో ప్రైవసీ, అక్కడ పర్మిషన్స్ దగ్గర ఆటోప్లే అని ఉంటుంది, మామూలుగా ఆడియో ఒక్కటే ఆపి ఉంటుంది, దాన్ని ఆడియో వీడియో రెండూ ఆపేలా మార్చండి. ఆ తర్వాత అందులో ప్రకటనలు ఆపే యూబ్లాక్ ఆరిజిన్ అనే ఎక్స్‌టెన్షన్ పెట్టండి, మీరు ఫ్లాష్ రోజుల బూడిద పెట్టె అన్నారే, దాదాపు అలాంటిది ఇందులో ఉంది. దాని ఐకాన్ నొక్కితే కింద ఫిల్మ్ బొమ్మ ఒకటి ఉంటుంది, అది నొక్కితే ఆ సైట్‌లో 50 కేబీ దాటిన ఫొటోలు వీడియోలు ఏవీ దిగవు, కావాల్సిన దాని మీద నొక్కితే అదొక్కటే దిగుతుంది. క్రోమ్‌లో ఈ యూబ్లాక్ 2025 నుంచి పనిచెయ్యట్లేదు, యూబ్లాక్ ఆరిజిన్ లైట్ అని చిన్నది దొరుకుతుంది, ప్రకటనలు బాగానే ఆపుతుంది గానీ అసలుదానికి సాటి రాదు.

కరీంనగర్_టెండర్

నేను ఒక కాంట్రాక్టర్ ఆఫీసుల టెండర్ల పని చూస్తా. ప్లగిన్ అంటే నాకు జావానే యాదికొస్తది. అప్పట్ల డిజిటల్ సంతకం పెట్టాలంటే ఆ సంతకం ఉండే యూఎస్‌బీ డాంగిల్ గుచ్చి, బ్రౌజర్ల జావా అనే ప్లగిన్ నడవాలె. 2013 జనవరిల అమెరికా ప్రభుత్వమే బ్రౌజర్ల జావా బంద్ చేసుకోమని జనానికి చెప్పింది, మాకేమో అది లేకుంటే టెండర్ పడది. 2015 సెప్టెంబర్ల క్రోమ్ 45 జావా అసొంటి పాత రకం ప్లగిన్లు మొత్తం తీసేస్తే ఇగ ఇంటర్నెట్ ఎక్స్‌ప్లోరర్ పట్టుకొని ఏళ్లకేళ్లు నడిపిచ్చినం. అప్పటిసంది ఒక పద్ధతి పెట్టుకున్న, సంతకాలకి ఒక బ్రౌజర్, మిగిలినవాటికి ఇంకొకటి.

మీ నాన్నకి గూడ గట్లనే చెయ్యిండి. పెన్షన్, బ్యాంకు పనికి క్రోమ్ ఉంచుండి, పేపర్లకి ఫైర్‌ఫాక్స్. అన్ని ఒక్క బ్రౌజర్ల బంద్ చేస్తే ఎప్పుడో ఒకనాడు బ్యాంకు పేజీ తెరుచుకోక పెద్దాయన పరేషాన్ అయితడు.

ఫైర్‌ఫాక్స్ యాడాన్స్ పేజీల ఇప్పటికీ ప్లగిన్స్ అని ఉంటది, చూసి గాబరా పడకుండి. వీడియో కాల్స్‌కి పనికొచ్చే సిస్కోవాళ్ల ఓపెన్‌హెచ్264, ఓటీటీ సినిమాలకి గూగుల్ వైడ్‌వైన్, గీ రెండే ఉంటయి. వైడ్‌వైన్ బంద్ చేస్తే ఓటీటీల సినిమా ఆడది, ఆయన చూడకుంటే తీసెయ్యొచ్చు.

ఒక్కటి గట్టిగ చెప్తున్న, ఫ్లాష్ ప్లేయర్ అప్‌డేట్ చెయ్యాలె అని ఏ పేజీ అడిగినా అది దొంగదే. 2020 డిసెంబర్ 31తోని అడోబ్ దాన్ని ఆపేసింది, 2021 జనవరి 12 నుంచి పాతది ఉన్నా ఆడకుండ చేసింది. ఇగ దానికి అప్‌డేట్ యాడికెళ్లి వస్తది?

తెనాలి_చిన్నోడు

నిన్న ఊరెళ్లొచ్చానండి, అందరికీ చాలా థాంక్స్. అలౌ లిస్ట్‌లో పద్నాలుగు సైట్లు ఉన్నాయి, ఒక్కటి కూడా నాన్నకి గుర్తులేదు, అన్నీ తీసేశా. కూపన్ల ఎక్స్‌టెన్షన్ ఒకటుంటే పీకేశా, రిమూవ్ బటన్ ఉంది. గుంటూరు జిల్లా వార్తల పేజీలకి ఫైర్‌ఫాక్స్‌లో ఫిల్మ్ బొమ్మ నొక్కి ఇచ్చా, ఇవాళ సాయంత్రం ఐదింటికి ఫోన్ చేస్తే ఇంకా సగం పైన డేటా ఉందన్నారు, ఆ గొంతులో సంతోషం విని నాకు ప్రాణం లేచొచ్చింది.

ఒక్కటి మిగిలింది. క్రోమ్‌లో పెన్షన్ స్లిప్ పీడీఎఫ్ నొక్కితే తెరుచుకోవట్లేదు, డౌన్‌లోడ్ అయిపోతోంది, అదెక్కడ పోయిందో ఆయనకి తెలియట్లేదు. నేనేమన్నా ఎక్కువ ఆపేశానా?

గోదారిగట్టు

సైట్ సెట్టింగ్స్‌లోనే కింద అడిషనల్ కంటెంట్ సెట్టింగ్స్, అందులో పీడీఎఫ్ డాక్యుమెంట్స్. డౌన్‌లోడ్ అని ఉంటుంది, క్రోమ్‌లోనే తెరువు అనేదానికి మార్చండి. ఫోన్‌లో చెబుతూ ఆయన చేతే చేయించొచ్చు, నాలుగు నొక్కుళ్లు అంతే.