ఆర్‌సీ ట్రక్ వెనక డిఫ్‌లో రింగ్ గేర్ పళ్లు మాటిమాటికీ పోతున్నాయి, కారణం ఎక్కడ వెతకాలి?

ప్రశ్న:
నాది 1/10 స్కేల్ ఫోర్ వీల్ డ్రైవ్ ఆర్‌సీ (రిమోట్‌తో నడిపే) ట్రక్, బ్రష్‌లెస్ మోటర్, ఈ మధ్య 2ఎస్ నుంచి 3ఎస్ లైపోకి (రెండు సెల్‌ల లిథియం బ్యాటరీ నుంచి మూడు సెల్‌లదానికి) మారాను. వెనక డిఫరెన్షియల్‌లో (డిఫ్, అంటే మోటర్ పవర్‌ని ఎడమ, కుడి చక్రాలకి పంచే గేర్ల అమరిక) రింగ్ గేర్, అంటే షాఫ్ట్ చివరి చిన్న పినియన్ గేర్ తిప్పే పెద్ద గేర్, నిలవట్లేదు. మొదట థ్రాటిల్ గట్టిగా ఇచ్చినప్పుడు మాత్రమే టకటకమని వినిపిస్తుంది, కొన్నాళ్లకి మెల్లగా వెళ్తున్నా గరగర మొదలవుతుంది, ఆ తర్వాత మోటర్ తిరుగుతుంది కానీ వెనక చక్రాలకి పవర్ అందదు. బండితో వచ్చిన గేర్లు మెత్తగా ఉన్నాయనుకుని పినియన్ ఒక్కటి గట్టి స్టీల్‌ది వేశాను, రింగ్ గేర్ పాతదే ఉంచాను, అది ఇంకా తొందరగా పోయింది. ముందు డిఫ్‌లోనూ ఇవే గేర్లు, దానికి ఏమీ కాలేదు. డిఫ్ లోపల ఇంకా చిక్కటి ఆయిల్ పోస్తే గేర్లు ఆగుతాయని ఒకరు చెప్పారు, నిజమేనా? మళ్లీ ఊరికే గేర్లు కొనేముందు అసలు ఎక్కడ తప్పుందో తెలుసుకోవాలని ఉంది.

జవాబు 1:
ఆయిల్ సంగతి ముందు చెప్పేస్తాను. డిఫ్ కప్పులో పోసే సిలికాన్ ఆయిల్ లోపలి స్పైడర్ గేర్లకి మాత్రమే సంబంధించింది, ఎడమ చక్రం, కుడి చక్రం ఒకదానికంటే ఒకటి ఎంత తేలిగ్గా తిరగాలో అది చూసుకుంటుంది. బయట ఉండే రింగ్ గేర్, పినియన్‌లకి ఆ ఆయిల్ తగలనే తగలదు, వాటికి కావాల్సింది గ్రీజు. కాబట్టి ఎంత చిక్కటిది పోసినా మీ రింగ్ గేర్ బతకదు.

ఇక చప్పుడు ఏ గేర్లదో తేల్చుకోండి, విప్పక్కర్లేదు. వెనక చక్రాలు రెండూ కదలకుండా గట్టిగా పట్టుకుని, మధ్యలో వచ్చే డ్రైవ్ షాఫ్ట్‌ని ఇంకొకరిని తిప్పమనండి. సన్నటి లూజు తప్ప అది కదలకూడదు, టక్కుమని పన్ను జారితే తప్పు రింగ్, పినియన్ దగ్గర ఉంది. తర్వాత షాఫ్ట్‌ని పట్టుకుని ఒక చక్రాన్ని తిప్పండి, రెండోది ఎదురు దిశలో నున్నగా తిరగాలి, ఇక్కడ గరగరలాడితే స్పైడర్ గేర్లు పోయినట్టు. మీరు చెప్పినదాన్ని బట్టి మొదటిదే అనిపిస్తోంది.

పాత రింగ్ గేర్ పారేయకపోతే దాన్ని శుభ్రంగా కడిగి, వెలుతురులో పళ్లు చూడండి. పన్ను కొనలు మాత్రమే మెరుస్తూ, అడుగు భాగం కొత్తదానిలా ఉంటే రెండు గేర్లూ సరిగ్గా లోతుకి దిగకుండా కొనల మీదే నడిచాయన్నమాట. పళ్లన్నీ ఒకేలా అరిగితే ఒక కారణం, వరుసగా కొన్ని పళ్లే విరిగితే ఇంకో కారణం. అరుగుదల పన్నుకి ఒక పక్కనే ఉందా, రెండు పక్కలా ఉందా అనేది కూడా చూడండి, రెండో పక్క మీద లోడ్ పడేది బ్రేక్ వేసినప్పుడు, రివర్స్ వెళ్లినప్పుడు.

జవాబు 2:
పైన చెప్పిందంతా సరైనదే, దీనికి షిమ్‌ల (గేర్ల స్థానం సరిచేయడానికి బేరింగ్ పక్కన పెట్టే పల్చటి వాషర్ల) సంగతి కలుపుతాను, ఎందుకంటే చాలామంది గేర్ మార్చి, ఉన్న షిమ్‌లే తిరిగి పెట్టేసి మూత బిగిస్తారు. రింగ్, పినియన్‌ల లాంటి బెవెల్ గేర్లు (ఏటవాలు పళ్లవి) లోడ్ పడిన ప్రతిసారీ ఒకదాన్నొకటి దూరంగా నెట్టుకుంటాయి. ఆ తోపుడుని ఆపాల్సింది బేరింగ్‌లు, హౌసింగ్ (డిఫ్ కూర్చునే పెట్టె), షిమ్‌లు. ఈ మూడిట్లో ఎక్కడ కాస్త సందు ఉన్నా చేతితో తిప్పినప్పుడు బాగానే అనిపిస్తుంది, ఫుల్ థ్రాటిల్ ఇచ్చేసరికి గేర్లు పక్కకి జరిగి పళ్ల కొనలు చెక్కుకుపోతాయి. ఇది గేర్ క్వాలిటీతో పోయే జబ్బు కాదు, ఎంత గట్టి స్టీల్ వేసినా ఇంతే.

రింగ్ గేర్ వెనకవైపు బేరింగ్ దగ్గర షిమ్ పెడితే పళ్లు పినియన్ వైపు జరుగుతాయి, ఎదురు పక్క పెడితే దూరం జరుగుతాయి. మొదట, డిఫ్ మొత్తం అటూ ఇటూ ఊగకుండా రెండు పక్కలా కలిపి ఎన్ని షిమ్‌లు కావాలో చూసుకోండి, ఆ తర్వాత మెష్ (పళ్లు ఒకదాంట్లో ఒకటి దిగే లోతు) కోసం ఒక్కొక్కటే ఈ పక్క నుంచి ఆ పక్కకి మార్చండి, అలా చేస్తే మొత్తం మందం మారదు. పినియన్ వెనక కూడా సందు ఉండొచ్చు, షాఫ్ట్‌ని ముందుకీ వెనక్కీ లాగి చూడండి. చాలా కార్లలో ఇక్కడ 0.1, 0.2 మిల్లీమీటర్ల షిమ్‌లే సరిపోతాయి. మరీ బిగించకండి, బిగుసుకుంటే వేడెక్కుతుంది, మోటర్ మీద భారం పడుతుంది. హౌసింగ్ స్క్రూలు పూర్తిగా బిగించాకే తిప్పి చూడాలి, సగం బిగించి చూసిన మెష్‌ని నమ్మొద్దు. ఒక పూర్తి చుట్టు తిప్పి చూడండి, ఎందుకంటే రింగ్ గేర్ కాస్త వంకరగా కూర్చుంటే ఒక చోట లూజుగా, ఇంకో చోట బిగుతుగా తగులుతుంది. ఎక్కడా పట్టేయకుండా, వేలికి తెలిసీ తెలియనంత లూజు మాత్రమే ఉండాలి.

పినియన్, రింగ్ ఎప్పుడూ జతగా మార్చండి. అరిగిన పళ్ల మీద కొత్త గట్టి పినియన్ తిరిగితే అది పాతదాన్ని తినేస్తుంది.

జవాబు 3:
షిమ్‌లతో నాకు పేచీ లేదు కానీ 3ఎస్ మాటని అందరూ దాటేస్తున్నారు. నామమాత్రపు వోల్టేజ్ 7.4 నుంచి 11.1కి వెళ్లింది, అంటే గాలిలో చక్రాలు ఖాళీగా తిరిగే వేగం దాదాపు ఒకటిన్నర రెట్లు, ఆ చక్రాల్లో నిలిచి ఉండే శక్తి వేగానికి వర్గంగా పెరుగుతుంది కాబట్టి 2.25 రెట్లు. జంప్ చేసి థ్రాటిల్ వదలకుండా నేల మీద పడితే ఆ శక్తంతా ఒక్కసారిగా రెండు మూడు పళ్ల మీద పడుతుంది. వరుసగా కొన్ని పళ్లే విరిగి ఉంటే నేను ముందు అనుమానించేది ఇదే. ముందు డిఫ్ బాగుండటానికీ కారణం ఉంది, థ్రాటిల్ ఇవ్వగానే బరువు వెనక్కి వెళ్తుంది, వెనక చక్రాలకే పట్టు ఎక్కువ, లోడ్ కూడా వాటి మీదే.

స్లిప్పర్ క్లచ్ (లోడ్ ఎక్కువైతే జారి గేర్లని కాపాడేది) ఉంటే అది ఎంత బిగించి ఉందో చూడండి. పూర్తిగా బిగిస్తే అది ఉన్నా లేనట్టే, దెబ్బ నేరుగా డిఫ్‌కి వెళ్తుంది. ఆగి ఉన్న బండికి ఒక్కసారి ఫుల్ ఇచ్చినప్పుడు కొద్ది దూరం జారి పట్టుకునేలా పెట్టండి. పెద్ద, బరువైన టైర్లు వేసి ఉంటే దాన్నీ లెక్కలోకి తీసుకోవాలి. ఈఎస్‌సీలో (మోటర్ వేగాన్ని నియంత్రించే సర్క్యూట్‌లో) పంచ్, అంటే థ్రాటిల్ ఇవ్వగానే వచ్చే ఊపు, తగ్గించే సెట్టింగ్ ఉంటే ఒక మెట్టు తగ్గించండి.

ప్రశ్న అడిగినవారు:
అందరికీ థాంక్స్ అండి, మొత్తం విప్పి చూశాను. చక్రాలు పట్టుకుని షాఫ్ట్ తిప్పితే జారింది, స్పైడర్ గేర్లు నున్నగానే ఉన్నాయి. రింగ్ గేర్ పళ్లు అన్నీ కొనల దగ్గరే అరిగాయి, అదీ ఒక పక్కనే, విరిగినవి లేవు. రింగ్ గేర్ ఉన్న వైపు బేరింగ్‌ని వేళ్లతో ఊపితే కదులుతోంది, ఆ బేరింగ్ కూర్చునే ప్లాస్టిక్ గూడు కూడా గుండ్రంగా లేదు, కోలగా సాగింది. కొత్త బేరింగ్ పెట్టినా అందులో ఊగుతోంది. షిమ్ పెంచితే సరిపోతుందా, హౌసింగ్ కూడా మార్చాలా?

జవాబు 2 రాసినవారు:
హౌసింగ్ మార్చాల్సిందే. షిమ్ డిఫ్‌ని పక్కకి జరుపుతుంది కానీ సాగిన గూడులో బేరింగ్ పైకీ కిందకీ, వెనక్కీ కదలకుండా ఆపలేదు, అక్కడ ఎన్ని షిమ్‌లు వేసినా లోడ్ పడగానే మెష్ మారిపోతుంది. బహుశా మొదట బేరింగ్ అరిగి, దాని ఊగుడుకి గూడు సాగి ఉంటుంది, మీ మూడో రింగ్ గేర్ అయినా నాలుగోది అయినా దాంట్లో నిలవదు. మీ బండికి అల్యూమినియం హౌసింగ్ దొరికితే మంచిదే, లేకపోతే కొత్త ప్లాస్టిక్‌ది, మంచి బేరింగ్‌లు చాలు. బేరింగ్‌లు రెండు పక్కలా, పినియన్ దగ్గర కూడా కొత్తవి వేయండి.

బిగించేముందు లోపల లోహపు పొడి ఒక్క రవ్వ కూడా మిగలకూడదు, పాత గ్రీజు మొత్తం తుడిచేయండి, ఆ నల్లటి గ్రీజే కొత్త పళ్లని గీరేస్తుంది. రింగ్ గేర్‌ని కప్పుకి పట్టి ఉంచే స్క్రూలు ఎదురెదురుగా, కొంచెం కొంచెంగా బిగించండి. థ్రెడ్‌లాక్ (స్క్రూ వదులు కాకుండా పూసే జిగురు) లోహం మీద లోహం ఉన్న చోటే, ప్లాస్టిక్‌కి తగిలితే కొన్ని రకాలు పెళుసెక్కి పగులుతాయి. మొదటి ప్యాక్ 2ఎస్ మీద సగం థ్రాటిల్‌తో నడిపి, మళ్లీ విప్పి పళ్ల మీద మెరుపు ఎక్కడ పడిందో చూడండి. పన్ను మధ్యలో పడితే 3ఎస్ పెట్టుకోండి, ఇంకా కొన మీదే ఉంటే ఎదురు పక్క నుంచి ఒక సన్నటి షిమ్ తీసి రింగ్ వైపు పెట్టండి.