ఆయిల్ మార్చమంటే 742 డాలర్ల బిల్లు: ఒప్పుకోని పనికి కట్టాలా?

మధురవాడ తమ్ముడు: వైజాగ్ నుంచి కాలిఫోర్నియాలోని శాన్ హోసే కొత్తగా వచ్చాను. ఆయిల్ మార్చమని కారు షాపులో ఇచ్చాను. 89 డాలర్లని రాసి సంతకం పెట్టించుకున్నారు. సాయంత్రం వెళ్తే 742 అంటున్నారు. ముందు బ్రేక్ ప్యాడ్లు, ట్రాన్స్‌మిషన్ ఫ్లూయిడ్, రెండు ఫిల్టర్లు మార్చేశారట. నన్నెవరూ అడగలేదు. కడితేనే తాళాలిస్తారట. ఏం చెయ్యాలి?

గాజువాక: తమ్ముడూ, ప్యాడ్లు అరిగాయా లేదా అన్న వాదనలోకి అస్సలు దిగకు. అరిగిన ప్యాడొకటి చేతిలో పెట్టి నీ నోరు మూయిస్తారు. నువ్వడగాల్సింది ఒక్కటే: నేను ఒప్పుకున్నట్టు ఎక్కడ రాసుంది? కాలిఫోర్నియా బిజినెస్ అండ్ ప్రొఫెషన్స్ కోడ్ 9884.9 ప్రకారం పని మొదలెట్టేముందే ఎస్టిమేట్ రాతపూర్వకంగా ఇవ్వాలి. ఆ మొత్తం దాటేలా ఉంటే మళ్ళీ నిన్నడగాలి. అడక్కుండా చేసిన పనికి డబ్బు అడిగే హక్కు వాళ్ళకి లేదు. మన ఆటోనగర్‌లో అయితే మెకానిక్ పక్కనే నిలబడి చూస్తాం, నోటిమాట చెల్లుతుంది. ఇక్కడ నువ్వు ఆఫీసులో ఉంటావు, అందుకే ఈ కాగితాల గొడవ.

ఫోన్లో ఒప్పుకున్నా చెల్లుతుంది. కాకపోతే వర్క్ ఆర్డర్ (నీ కారుకి చెయ్యాల్సిన పని రాసుకునే షాపు కాగితం) మీద తేదీ, టైము, ఎవరు సరేనన్నారు, ఏ నంబరుకి చేశారు, ఏ పార్టులు, ఎంత కూలి, అదనంగా ఎంత అన్నీ రాయాలి. ఆ కాపీ అడిగి తీసుకుని నీ ఫోన్లో కాల్ లిస్టుతో పోల్చి చూడు. వాయిస్‌మెయిల్ పెట్టినంత మాత్రాన నువ్వు ఒప్పుకున్నట్టు కాదు. మనవాళ్ళు చాలామంది బోల్తా పడేది మొహమాటానికి "ఓకే, ఓకే" అనడం దగ్గర. వాళ్ళు దాన్నే రాసుకుంటారు.

ఇంకో మాట. బిల్లు అడుగున చిన్న అక్షరాల్లో "ఎస్టిమేట్ పెంచుతామని చెబితే నోటిమాటగా ఒప్పుకున్నాను" అనే అర్థం వచ్చే వాక్యం ఉంటుంది. తాళాల హడావిడిలో అక్కడ పొట్టి సంతకం పెట్టావంటే నీ కేసు నువ్వే మూసేసినట్టు.

సీతమ్మధార: కారు ఎలా తెచ్చుకోవాలో ఎవరూ చెప్పలేదు. ముందు మేనేజర్‌ని పిలిచి, 89 ఇస్తాను, మిగతాదానికి నా అనుమతి లేదని నెమ్మదిగా చెప్పు. వినకపోతే మొండికేసి కారు అక్కడ వదిలెయ్యకు, రోజుకింత అని పార్కింగ్ ఛార్జీ మొదలవచ్చు. క్రెడిట్ కార్డుతో కట్టి, రెండు కాపీల మీదా సంతకం పక్కన "పెయిడ్ అండర్ ప్రొటెస్ట్" (ఒప్పుకోకుండానే కడుతున్నాను) అని రాసి కారు తీసుకో. నగదు, జెల్ (Zelle, బ్యాంకు ఖాతా నుంచి నేరుగా డబ్బు పంపే పద్ధతి) వద్దు, ఇస్తే పోయినట్టే. డెబిట్ కార్డుకి క్రెడిట్ కార్డుకున్నంత రక్షణ లేదు. చెక్కు ఇచ్చి తర్వాత ఆపించే తెలివి అస్సలు వద్దు, తిరిగి నీ మీదే కేసు కావచ్చు.

తర్వాత ఆ ఛార్జీ ఒప్పుకోనని (దీన్నే డిస్ప్యూట్ అంటారు) కార్డు కంపెనీకి ఉత్తరం రాయి. ఆ ఛార్జీ కనిపించిన మొదటి స్టేట్‌మెంట్ పంపిన 60 రోజుల్లోపు వాళ్ళకి చేరాలి. యాప్‌లో బటన్ నొక్కినా, బిల్లింగ్ ఎంక్వైరీల అడ్రసుకి కాగితం కూడా పంపు. 742 మొత్తం మీద డిస్ప్యూట్ వేస్తే ఆయిల్ మార్పించుకుని డబ్బు ఎగ్గొడుతున్నాడని షాపువాడు సులువుగా తిప్పికొడతాడు. 653 మీదే వెయ్యి.

పాత ప్యాడ్లు తిరిగి బిగించి తేడా తీసేస్తామంటే మాత్రం ఒప్పుకోకు. అవి బ్రేకులు.

ఎంవీపీ కాలనీ: కారు రిపేరు షాపుల్ని పర్యవేక్షించే కాలిఫోర్నియా ప్రభుత్వ సంస్థ బ్యూరో ఆఫ్ ఆటోమోటివ్ రిపేర్‌లో ఆన్‌లైన్ ఫిర్యాదు ఉచితం. వాళ్ళు మధ్యవర్తిగా మాట్లాడతారు, డబ్బు ఇవ్వమని ఆజ్ఞాపించలేరు. అయినా షాపు రిజిస్ట్రేషన్ వాళ్ళ చేతుల్లోనే ఉంది కనక చాలా షాపులు ఆ దశలోనే దిగొస్తాయి. అక్కడా తేలకపోతే చిన్న మొత్తాల కేసులు చూసే స్మాల్ క్లెయిమ్స్ కోర్టు. ఒక మనిషి 12,500 డాలర్ల దాకా అడగొచ్చు, నీ మొత్తానికి ఫీజు 30 డాలర్లు, లాయర్లు ఉండరు. ముందుగా డబ్బు వాపసు ఇమ్మని ఉత్తరం రాసి ఉండాలి. షాపు బోర్డు మీది పేరుతో కేసు వెయ్యకు. బ్యూరో సైటులో రిజిస్ట్రేషన్ వివరాలు చూసి యజమాని అసలు పేరు పట్టుకో. పేరు తప్పితే గెలిచినా వసూలు కాదు.

గాజువాక: మార్చామన్నవి నిజంగా మార్చారా అన్నది కూడా చూసుకో. క్యాబిన్ ఫిల్టర్ (కారు లోపలికొచ్చే గాలిని వడగట్టేది) చాలా కార్లలో గ్లవ్ బాక్స్ వెనకే ఉంటుంది, విప్పడానికి పెద్ద పనేం కాదు. మడతల్లో ఆకులూ దుమ్మూ ఉంటే అది పాతదే. ఫోటో తీసి ఫిర్యాదుకి జతచెయ్యి. పాత పార్టులు కావాలంటే కారు ఇచ్చేటప్పుడే అడిగి రాయించుకోవాలి. తర్వాత అడిగితే ఇవ్వాలన్న రూలు లేదు. ఇవన్నీ కాలిఫోర్నియా లెక్కలు, రేపు టెక్సాస్ వెళ్తే అక్కడివి వేరు.

మధురవాడ తమ్ముడు: వర్క్ ఆర్డర్ కాపీ ఇచ్చారన్నా. చివర పెన్నుతో "2:10, కస్టమర్ ఓకే" అని ఉంది. నంబరు లేదు, డబ్బెంతో లేదు. ఆ టైముకి నా ఫోన్లో ఏ కాలూ లేదు.

గాజువాక: ఇంకేం, నిన్ను సరిగ్గా అడగలేదని వాళ్ళే రాసిచ్చినట్టు. ఆ కాగితం, కాల్ లిస్టు స్క్రీన్‌షాట్ కలిపి మేనేజర్‌కి ఈరోజే ఈమెయిల్ చెయ్యి. 653 వెనక్కి ఇవ్వడానికి 10 రోజులు గడువు పెట్టు, బ్యూరో పేరు చివర్లో ఒక్కసారి రాయి చాలు.