‘సీక్వెల్’ని ఏమనాలి: ఉత్తరభాగమా, ఉత్తరకథా?

ప్రశ్న: సినిమా వార్తల్లో సీక్వెల్‌ని ఒకచోట ‘కొనసాగింపు’ అనీ, మరోచోట ‘ఉత్తరభాగం’, ‘మలిభాగం’ అనీ రాస్తున్నారు. ఇవన్నీ ఒకటేనా? ప్రీక్వెల్‌ని, అంటే అంతకుముందు జరిగిన కథతో తర్వాత తీసిన సినిమాని, ‘పూర్వభాగం’ అనొచ్చా?

జవాబు: ఒకటి కావండి. మాట చివర ‘భాగం’ ఉందా, ‘కథ’ ఉందా చూడాలి. భాగం అన్నామంటే ఒకే రచనను విడదీసి ఇచ్చారని. ఎర్రన హరివంశంలో పూర్వభాగం, ఉత్తరభాగం అలాంటివే. బాహుబలి (2015, 2017) కూడా అంతే. కట్టప్ప కత్తి దగ్గర తెర దించి, మిగతాది రెండేళ్లకు చూపించారు. 2025లో ఆ రెంటినీ కుదించి ‘ది ఎపిక్’ పేరుతో ఒకే సినిమాగా విడుదల చేశారు. అవి భాగాలు కాబట్టే అలా అతికాయి.

కార్తికేయ (2014), కార్తికేయ 2 (2022) అలా అతకవు. గుడి రహస్యం మొదటి సినిమాలోనే తేలిపోయింది. రెండోదానికి కథానాయకుడు వచ్చాడు గానీ ఆ చిక్కుముడి రాలేదు, వెతుకులాట కొత్తది. దీన్ని ‘ఉత్తరభాగం’ అంటే మొదటిది సగంలో ఆగిందని చెప్పినట్టు. ఇక్కడ ‘ఉత్తరకథ’ సరిపోతుంది.

మరొకరు: బాహుబలి 2లో చాలాసేపు నడిచేది తండ్రి కథే కదా? ఎప్పుడో జరిగిపోయినదాన్ని ‘ఉత్తర’ అనడం ఎలా కుదురుతుంది?

జవాబు: కుదురుతుంది. భాగానికి చెప్పిన వరుస లెక్క, కథకు జరిగిన వరుస లెక్క. ఉత్తరభాగంలో పూర్వకథ నిక్షేపంగా ఉండొచ్చు. రామాయణంలో ఉత్తరకాండే చూడండి. అది పట్టాభిషేకం తర్వాతి కాండ. తీరా తెరిస్తే అగస్త్యుడు రాముడికి రావణుడి పుట్టుపూర్వోత్తరాలు చెబుతూ ఉంటాడు, రాముడు పుట్టకముందు సంగతులు. (పుట్టుపూర్వోత్తరాలు అనే మాటలో పూర్వం, ఉత్తరం రెండూ పక్కపక్కనే ఉన్నాయి, ఎవరూ పట్టించుకోరు గానీ.) కాబట్టి ప్రీక్వెల్‌ని ‘పూర్వభాగం’ అనకండి. అది ఫస్ట్ పార్టుకు పేరు. ప్రీక్వెల్ ఎన్నేళ్ల తర్వాత తీసినా పూర్వకథే.

మరొకరు: చదువుకున్నవాళ్ల మధ్య ఇది నడుస్తుంది. పోస్టర్ మీద ‘ఉత్తర’ అని వేస్తే జనానికి దిక్కో జాబో గుర్తొస్తుంది. తొలి, మలి జంట మేలు. మలిదశ ఉద్యమం అని తెలంగాణలో అందరి నోటా నలిగిన మాటే. తొలిభాగం, మలిభాగం అంటే ఎవరికైనా తెలుస్తుంది. చిక్కల్లా మూడోది వచ్చినప్పుడే. మలి తర్వాత ఆ వరుసలో ఇంకో మాట లేదు, అంకెలు వేసుకోవాల్సిందే. మూడు తీస్తారని ముందే తెలిస్తే మొదటినుంచీ ‘ఒకటో భాగం, రెండో భాగం’ అని రాయడం నయం.

జవాబు: ఒప్పుకుంటాను. ‘కొనసాగింపు’ గురించీ ఒక మాట. ‘ఆ సినిమాకు కొనసాగింపుగా వస్తోంది’ అని వాక్యంలో హాయిగా ఒదుగుతుంది. ‘రెండు కొనసాగింపులు తీశారు’ అని లెక్కపెట్టబోతే మాత్రం ఎబ్బెట్టు. పైగా కొనసాగడానికి వెనక కథ ఉండాలి. ఆర్య (2004), ఆర్య 2 (2009) ఉన్నాయి. దర్శకుడు అతనే, హీరో అతనే, కథ మాత్రం పూర్తిగా వేరు. కొనసాగినది పేరొక్కటే. అక్కడ ‘ఆర్య పేరుతో వచ్చిన రెండో సినిమా’ అంటే చాలు. ‘హిట్’ (HIT) అనే పేరుతోనే వచ్చిన పోలీసు సినిమాలకు ‘వరుస’ నప్పుతుంది: కేసు మారుతుంది, పోలీసు మారతాడు, ‘హిట్ వరుసలో మూడోది’ అనొచ్చు.

మరొకరు: రాసేవాళ్లకు ఒక మనవి. ‘ఉత్తరార్థం’ అని థ ఒత్తుతో పత్రికల్లోనూ కనిపిస్తోంది. సగం అనే మాటకు ధ ఒత్తు: ఉత్తరార్ధం, పూర్వార్ధం. అదీ రెండు భాగాలూ ఇంచుమించు సమానంగా ఉన్నప్పుడే. ఇంటర్వెల్‌కి అటూ ఇటూ అయితే సరిగ్గా సరిపోతుంది.