అలంకార సిగ్నల్ దీపాలు వరుస తప్పి వెలగాలంటే వైరింగ్ ఎలా చేయాలి?

ప్రశ్న

మా అబ్బాయి గదిలో గోడకు తగిలించడానికి పాత సామాన్ల దుకాణంలో ఒక ప్లాస్టిక్ ట్రాఫిక్ సిగ్నల్ డబ్బా కొన్నాను. ఎరుపు, పసుపు, ఆకుపచ్చ అద్దాల వెనుక ఉన్న హోల్డర్లలో 9 వాట్ల ఎల్‌ఈడీ బల్బులు పెట్టి, ఆర్డుయినో ఊనో అనే చిన్న ప్రోగ్రాం బోర్డుకు రిలే బోర్డు (విద్యుత్తుతో నడిచే స్విచ్చుల పలక) కలిపి, దీపాలు తమకు తోచినట్లు వెలిగి ఆరేలా ప్రోగ్రాం రాశాను. అయితే స్విచ్ వేసిన ప్రతిసారీ అవి అదే క్రమంలో వెలుగుతున్నాయి. రెండవ రోజుకే మావాడు "ఇప్పుడు పసుపు" అని ముందే చెప్పేశాడు. పైగా ఒక దీపం మారే వరకూ మిగిలిన రెండూ కదలవు, రిలేల టిక్కుటిక్కు శబ్దానికి నిద్ర పట్టదు. దయచేసి మార్గం చెప్పగలరు.

జవాబు 1

పూర్వం పెళ్ళి పందిళ్ళలో మేము ఇంత శ్రమ పడేవాళ్ళం కాదండీ. ట్యూబ్‌లైట్ స్టార్టరును 40 వాట్ల ఫిలమెంటు బల్బుకు సిరీస్‌లో కలిపితే, స్టార్టరులోని లోహపు పట్టీ వేడెక్కి అంటుకున్నప్పుడు బల్బు వెలిగేది, చల్లారి విడిపోయినప్పుడు ఆరేది. ఆ వ్యవధి ఒకసారి ఉన్నట్లు మరోసారి ఉండదు కనుక ఏ రెండు బల్బులూ కలిసి వెలిగేవి కావు. ఎల్‌ఈడీ బల్బుతో ఇది సరిగా కుదరదు, పిల్లల గదిలో 230 వోల్టులతో చేయమని నేను చెప్పను కూడా.

జవాబు 2

ముందు ఆ 230 వోల్టుల బల్బులు తీసేయండి. చిన్న రిలేలకు పూర్తి లోడు మీద సాధారణంగా చెప్పే ఆయుష్షు లక్ష మార్పులు. సెకనుకు ఒకటి చొప్పున లెక్కిస్తే అది 28 గంటల పని మాత్రమే. మీ లోడు తక్కువ కాబట్టి ఇంకా ఎక్కువ కాలం రావచ్చు గానీ, ఎడతెగకుండా మెరిసే దీపానికి రిలే తగిన వస్తువు కాదు. దాని బదులు 12 వోల్టుల తెల్ల ఎల్‌ఈడీ స్ట్రిప్పును మూడేసి ఎల్‌ఈడీల ముక్కలుగా కత్తిరించి, ఒక్కో అద్దం వెనుక నాలుగు ముక్కలు సమాంతరంగా కలపండి. స్ట్రిప్పులోని ఎల్‌ఈడీలు 5050 అనే సైజువైతే ముక్కకు సుమారు 60 మిల్లీఆంపియర్లు, అంటే దీపానికి 240. యూఎల్‌ఎన్2003 అనే స్విచింగ్ ఐసీని రిలేల బదులు వాడండి; అందులో ఒక్కో దారి 500 మిల్లీఆంపియర్ల వరకూ మోయగలదు, శబ్దమూ ఉండదు. స్ట్రిప్పుకు కరెంటిచ్చే 12 వోల్టుల అడాప్టరు గ్రౌండునూ (మైనస్ తీగనూ) ఆర్డుయినో గ్రౌండునూ తప్పక కలపాలి. చాలామంది మరిచేది అదే.

క్రమం మారకపోవడానికి కారణం, రాండమ్ అనే ఆదేశం నిజానికి ప్రతిసారీ ఒకే చోట మొదలై ఒక లెక్క ప్రకారం అంకెలు ఇవ్వడమే. ప్రారంభంలో, ఆ లెక్క ఎక్కడ మొదలవ్వాలో చెప్పే రాండమ్‌సీడ్‌కు ఏ తీగా కలపని ఏ0 (A0) ఇన్‌పుట్ పిన్ను చదివిన విలువను ఇవ్వండి. ఇక కాసేపు ఆగమనే డిలే ఆదేశం వాడితే ప్రోగ్రాం మొత్తం ఆగిపోతుంది కాబట్టి, దీపానికి ఒక్కటి చొప్పున మూడు "తర్వాత మారే సమయం" విలువలు పెట్టుకొని, వాటిని మిల్లీస్ (బోర్డు మొదలైనప్పటి నుంచి గడిచిన మిల్లీసెకన్లు)తో పోల్చి, గడువు దాటిన దీపాన్ని మాత్రమే మార్చి, దానికి 200 నుంచి 1500 మిల్లీసెకన్ల మధ్య కొత్త గడువు ఇవ్వండి.

జవాబు 3

ప్రోగ్రాం అక్కరలేని వారికి ఆర్డుయినో బదులు మూడు 555 టైమర్లు (నిర్ణీత వ్యవధిలో ఆన్, ఆఫ్ సంకేతమిచ్చే చిన్న ఐసీలు) చాలు. మూడింటికీ 10 మైక్రోఫారడ్ల కెపాసిటరు, మొదటి నిరోధం 10 కిలోఓములు పెట్టి, రెండవ నిరోధం వరుసగా 47, 68, 100 కిలోఓములు ఉంచితే, వ్యవధులు సుమారు 0.72, 1.01, 1.46 సెకన్లు వస్తాయి. ఏ ఒక్క దీపాన్ని చూసినా తాళం తప్పదు గానీ మూడూ కలిసి చూస్తే క్రమం దొరకదు. ఇంకా తికమక కావాలంటే, నెమ్మదిగా నడిచే టైమరు అవుట్‌పుట్‌ను 10 కిలోఓముల గుండా మరో టైమరు 5వ పిన్నుకు కలపండి. దాని వేగమూ మారుతూ ఉంటుంది.

ప్రశ్న అడిగినవారు

రెండవ జవాబు ప్రకారం మార్చానండీ, ధన్యవాదాలు. గ్రౌండు కలపడం నేనూ మరిచి ఒక సాయంత్రం పోగొట్టుకున్నాను. 200 మిల్లీసెకన్లు కంటికి చురుక్కుమంటున్నందున 400కు పెంచాను. మావాడు నిన్న ఎరుపు మీద పందెం కాసి వరుసగా మూడుసార్లు ఓడిపోయాడు.