స్ప్రింగ్ బూట్ పని తగ్గించిందా, దాచిపెట్టిందా?

ఆన్‌కాల్_బాధితుడు: జావా యాప్‌లకి సెట్టింగులు చాలావరకు తనే పెట్టే స్ప్రింగ్ బూట్‌తో కాన్ఫిగరేషన్ తగ్గిందని అందరూ అంటారు. మేం బూట్ 2.7 నుంచి 3కి మారాం. టెస్టులన్నీ పాస్. ప్రొడక్షన్‌లో రెడిస్ (మెమరీలో డేటా దాచే స్టోర్) కనెక్ట్ కాలేదు. తీరా చూస్తే 'స్ప్రింగ్.రెడిస్.హోస్ట్' కీ కాస్తా 'స్ప్రింగ్.డేటా.రెడిస్.హోస్ట్' అయింది. పాత పేరు యామల్ సెట్టింగ్స్ ఫైల్‌లో అలాగే ఉంది. ఎర్రర్ లేదు, వార్నింగ్ లేదు, గమ్మున డీఫాల్ట్‌గా లోకల్‌హోస్ట్ (అదే మెషీన్) 6379 పోర్ట్‌కి పోయింది. టెస్టుల్లో రెడిస్ ఉండేదీ అక్కడే మరి! దీన్నా కాన్ఫిగరేషన్ తగ్గిందంటున్నారు?

పాత_ఎక్స్ఎంఎల్: తమ్ముడూ, 2014లో బూట్ రాకముందు స్ప్రింగ్ చూశావా? అన్నీ చేత్తో రాయాల్సిందే: డేటాసోర్స్‌కో బీన్ (స్ప్రింగ్ తయారుచేసి నడిపే ఆబ్జెక్ట్), ట్రాన్సాక్షన్ మేనేజర్‌కో బీన్, వ్యూ రిజాల్వర్‌కో బీన్. ఇప్పుడు స్టార్టర్ (కావాల్సిన లైబ్రరీల కట్ట) పెడితే అయిపోయె. ఆ కీ మార్పు మైగ్రేషన్ గైడ్‌లో ఉంది. ప్రాపర్టీస్ మైగ్రేటర్ (పేరు మారిన కీలను పట్టే టూల్) పెట్టుకునుంటే స్టార్టప్‌లోనే చెప్పేది. చదవకుండా తిడితే ఎలా?

కూకట్‌పల్లి_కోడర్: డీబగ్ ఫ్లాగ్‌తో రన్ చేయండి, ఏ ఆటోకాన్ఫిగరేషన్ (బూట్ తనంతట పెట్టిన సెట్టింగ్) ఎందుకొచ్చిందో చూపిస్తుంది.

ఆన్‌కాల్_బాధితుడు: చేశా. రెడిస్ 'మ్యాచ్డ్' అంది. నా కీ చదవలేదన్న ముక్క అందులో ఏదీ? ఎక్స్ఎంఎల్ బీన్‌లో ప్రాపర్టీ పేరు తప్పైతే యాప్ లేచేదే కాదు.

పాత_ఎక్స్ఎంఎల్: యామల్‌లో మన సొంత కీలూ ఉంటాయి. తెలియని ప్రతి కీకీ ఎర్రరిస్తే సగం యాప్‌లు లేవవు.

అమీర్‌పేట_బ్యాచ్: మాకు కోచింగ్‌లో వెబ్‌సెక్యూరిటీకాన్ఫిగరర్‌అడాప్టర్ అనే స్ప్రింగ్ సెక్యూరిటీ క్లాస్ బట్టీ పట్టించారు. ఉద్యోగంలో చేరేసరికి సెక్యూరిటీ 6లో ఆ క్లాసే లేదు.

గోఫర్: జావా మానేసి గో భాష వాడండి.

పాత_ఎక్స్ఎంఎల్: అసలు ఈ తరానికి డాక్స్ చదివే ఓపిక లేదు. అర్ధరాత్రి లేచి ఏడవడమొకటే వచ్చు.

ఆన్‌కాల్_బాధితుడు: ఓపిక గురించి మీరు చెప్పకండి సార్. మా ఆర్కిటెక్టూ మీలాగే 'వెర్షన్ నంబర్ మార్చడమేగా' అని ఒక్క పూట ఎస్టిమేట్ ఇచ్చాడు. గైడ్ చదవడానికి టైమడిగితే దానికి స్టోరీ పాయింట్లు (టీమ్‌లో పనిని కొలిచే లెక్క) లేవన్నాడు. ఆర్‌సీఏలో (తప్పెక్కడ జరిగిందో రాసే రిపోర్ట్‌లో) పేరు మాత్రం నాది.

పాత_ఎక్స్ఎంఎల్: అది మీ ఆఫీసు గోల. బూట్‌కేం సంబంధం?

ఆన్‌కాల్_బాధితుడు: ఉంది. పని కంటికి కనిపించదు కాబట్టే 'ఒక్క పూట' అనే ధైర్యమొచ్చింది. మీ రోజుల్లో అన్ని ఫైళ్లు చూసి టైమిచ్చేవారు.

పాత_ఎక్స్ఎంఎల్: ఎవరిచ్చారు బాబూ! శని, ఆదివారాలు కూర్చుని చేశాం. మాకెవడైనా థాంక్స్ చెప్పాడా?

కూకట్‌పల్లి_కోడర్: అంటే మీకు ఇవ్వలేదు కాబట్టి ఇతనికీ ఇవ్వకూడదంటారా?

పాత_ఎక్స్ఎంఎల్: అలా అన్లేదు. మైగ్రేటర్ పెట్టుకోమన్నా. పనయ్యాక తీసేయాలి, అదీ గైడ్‌లోనే ఉంది.